కనపడని నిట్రాడు

దమ్మపేట వైపు పాత ఇళ్ళలో వెల్లకిలా పడుకుంటే ఇంటిని మోసేదంతా కనపడేది. నిట్రాడు, దూలం, వాసాలు. దేనికి చెద పట్టిందో, ఏ వాసం వంగిందో పిల్లలు కూడా చెప్పగలిగేవాళ్ళు. స్లాబ్ వచ్చాక ఆ చూపు పోయింది.

మన నిర్మాణ చరిత్రని శంకుస్థాపనల తేదీలతో రాసుకుంటాం గానీ, ఈ మార్పు గురించి పెద్దగా రాసుకోలేదు. కాటన్ 1847-52 మధ్య ధవళేశ్వరంలో కట్టించిన ఆనకట్ట రాయీ సున్నమూ. 1955లో నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ కూడా ప్రధానంగా రాతికట్టే. బరువు మోసేదీ, కంటికి కనపడేదీ అదే రాయి. కాంక్రీట్ అలా కాదు. అది నొక్కితే తట్టుకుంటుంది, లాగితే పగులుతుంది. లాగుడు మోయాల్సింది లోపలి ఇనుము. 1867లో జోసెఫ్ మోనియే అనే ఫ్రెంచి తోటమాలి మొక్కల తొట్లకి పేటెంట్ తీసుకున్న కిటుకు ఇదే.

అందుకే పీడబ్ల్యూడీ పద్ధతిలో కప్పడిపోయే పనిని కప్పకముందే కొలిచి ఎం-బుక్కులో ఎక్కించాలి. రాడ్ల మందం, ఎడం, రింగులు, అతుకుల పొడవు, కింద కవర్ బ్లాకులు. ఐఎస్ 456 మొదటిసారి 1953లో వచ్చింది; 2000 నాటి కూర్పు ప్రకారం మామూలు వాతావరణంలో స్లాబ్ రాడ్డు కింద సాధారణంగా 20 మిల్లీమీటర్ల కాంక్రీట్ ఉండాలి. అన్నిటికన్నా ప్రమాదం బాల్కనీతో. గోడలోంచి బయటికి వేలాడే స్లాబ్ లాగుడంతా పైభాగంలోనే. అక్కడ పైన ఉండాల్సిన రాడ్లు తట్టలు మోసేవాళ్ళ కాళ్ళ కింద నలిగి అడుక్కి దిగితే, లెక్క ప్రకారం ఇనుమంతా ఉన్నట్టే, పనికి మాత్రం లేనట్టే. మా సాఫ్ట్‌వేర్‌లో రివ్యూ తప్పినా వెనక్కి తిప్పే దారి ఉంటుంది. ఇక్కడ సిమెంటు గట్టిపడటానికి కొన్ని గంటలు చాలు.

ప్రభుత్వ వంతెనకైతే ఎం-బుక్కు ఉంటుంది. సొంత ఇంటికి ఏముంది? మేస్త్రీ మాట. 2025 మార్చి 26న భద్రాచలంలో కడుతుండగానే ఆరంతస్తుల భవనం కూలి కార్మికులు చనిపోయారు. కారణాలు తేల్చడం నా పని కాదు. కానీ అలా కూలిన ఏ ఇంటికైనా కాంక్రీట్ పోసే ముందురోజు ఇనుము ఎలా ఉందో చెప్పే కాగితం ఒక్కటైనా దొరుకుతుందా అన్నదే నా ప్రశ్న.

స్లాబ్ రోజు కొబ్బరికాయ కొడతాం, ముఠాకి కడుపునిండా భోజనం పెడతాం, చుట్టాలొస్తారు. ముందురోజు సాయంత్రం టేపు పట్టుకుని సెంట్రింగ్ మీదికి ఎక్కేవాళ్ళే తక్కువ.