బండ తిరిగే చోటు

ఆత్మకూరు, నంద్యాల వైపు పల్లెల్లో పండక్కో తిరునాళ్లకో జరిగే బండలాగుడును చాలామంది ఎద్దుల బలపరీక్షగానే చూస్తారు. పోటీ నియమాలు మాత్రం ఆ మాటకు ఒప్పుకోవు. గిత్తలను పళ్లను బట్టి విడదీస్తారు: పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆపైన సీనియర్లు, వీటికి తోడు సేద్యపు విభాగం. విభాగాన్ని బట్టి బండ బరువూ, ఇచ్చే నిమిషాలూ మారతాయి. ఆ గడువులో బండ ఎంత దూరం పోయిందో అడుగులు, అంగుళాల్లో కొలుస్తారు. వయసు, బరువు, గడువు ముందే సమానం చేశాక గెలుపును తేల్చేది ఒట్టి బలం కాదు, జతను కూర్చి నడిపిన తీరు. మోటారు రేసుల వాళ్లు ‘సెటప్’ అనే విద్య ఇదే. రాయలసీమ రైతు దాన్ని ఇంజను లేకుండానే నేర్చాడు.

గో-కార్టు అనే చిన్న పందెపు బండితో పోలిస్తే ఈ సంగతి తేటపడుతుంది. కార్టుకు వెనక రెండు చక్రాలూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి, రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే, కారుకుండే డిఫరెన్షియల్ దానికి లేదు. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ. రెండూ ఒకే వేగంతో తిరిగితే బండి మళ్లకుండా ముందుకే తోసుకుపోతుంది. అందుకే లోపలి వెనక చక్రం మలుపులో నేల నుంచి కాస్త లేచేలా ముందు చక్రాల వాలునూ, వెనక చక్రాల ఎడాన్నీ, సీటు ఎత్తునూ సర్దుతారు. ఒకే కాడి కింద నడిచే జతదీ ఇదే చిక్కు. బండ లాగే బాట (కోర్టు) చివర వెనక్కి మళ్లేటప్పుడు బయటి గిత్త అడుగు సాచాలి, లోపలిది నిలదొక్కుకోవాలి. వెనక ఉన్నదేమో చక్రాల్లేని రాయి, దానంతట అది తిరగదు. దాపట (ఎడమ పక్క) అలవాటైన గిత్తను ఎలపట (కుడి పక్క) కడితే ఆ మలుపు దగ్గరే జత తడబడుతుంది. 250 అడుగుల కోర్టులో 20 నిమిషాలకు 4,000 అడుగులు లాగిన జతను ఊహించండి. అది 15 సార్లు మళ్లాలి. మలుపుకు నాలుగు సెకన్లు పోతే మొత్తం ఒక నిమిషం, అంటే సుమారు 200 అడుగులు. కార్టు పోటీలో దూరాన్ని ఖాయం చేసి కాలాన్ని కొలుస్తారు, ఇక్కడ కాలాన్ని ఖాయం చేసి దూరాన్ని కొలుస్తారు. పోగొట్టుకునే చోటు మాత్రం రెండింటికీ ఒకటే.

ఈ రెండు పోటీల పుట్టుకలోనూ పోలిక ఉంది. 1956లో కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్ తొలి కార్టుకు బిగించింది గడ్డి కోసే యంత్రపు ఇంజను. నంద్యాల సీమ నల్లరేగడిలో కూడా ఎద్దు ముందు పనిముట్టే. గట్టిపడిన నేలను లోతుగా దున్నే పెద్ద మడకకు కొన్ని జతలను వరసగా కట్టేవారు. ఆ పనిలో అన్ని జతలూ కలిసి ఒకేసారి లాగకపోతే మడక కదలదు. జతల మధ్య పొత్తు కుదర్చడం రైతుకు అక్కడ అబ్బిన విద్యే. ట్రాక్టరు ఆ పనిని తీసేసుకుంది, పందెం మిగిలింది. ‘సేద్యపు విభాగం’ అన్న పేరును ఒక్కసారి నిదానంగా చూడాలి. సేద్యం చేసే ఎద్దుకు వేరే విభాగం పెట్టాల్సి వచ్చిందంటే, పోటీకే మేపే గిత్త అప్పటికే దాని నుంచి విడిపోయిందని అర్థం. కార్టు ఇంజను గడ్డి యంత్రం నుంచి విడిపోయినట్టే ఇది కూడా. ఈ పోలికకు నాకు ఇంతకంటే గట్టి ఆధారం మరొకటి కనిపించదు.

డబ్బున్నవాడే మేలుజాతి గిత్తలను కొంటాడు, ఇక నేర్పుదేముంది అనే మాట ఒకటుంది. అందులో నిజం లేకపోలేదు. కార్టుల్లోనూ ఖరీదైన ఇంజను గెలుస్తుంది. కానీ విలువైన రెండు గిత్తలు కలిస్తే మంచి జత అయిపోదు. అడుగు పొడవు కలవని జతలో కాడి ఒక పక్కకు ఒరుగుతుంది, మొదటి నిమిషాల్లో ఎగిరిపడినది చివర్లో ఊపిరి అందక నిలబడిపోతుంది. కార్టు టైర్లలో గాలిని మొదట తక్కువగా పెట్టేది వేడెక్కాక సరిపోవాలనే కదా. జత ఊపిరినీ అలాగే దాచుకోవాలి.

యంత్రానికి నొప్పి తెలియదు, ఎద్దుకు తెలుసు అన్నది ఇంతకంటే బరువైన అభ్యంతరం. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టునూ ఎడ్లబండి పందేలనూ ఆపమన్నది ఈ కారణంతోనే. తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర తెచ్చిన చట్ట సవరణలు చెల్లుతాయని 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం చెప్పినా ఆ ప్రశ్న తీరిపోలేదు. పోలిక ఇక్కడ తెగుతుందని ఒప్పుకోవాలి. అయితే నా వాదనకు అది ఎదురు రాదు. ముల్లుకర్ర పొడుపు సరిగా కూర్చని జతను కాసేపు ఉరికించగలదేమో గానీ, దాన్ని మలుపు దగ్గర తిప్పలేదు. పోటీ పెట్టే కమిటీలు ముల్లుకర్రను కోర్టు బయటే ఉంచి, మొత్తం దూరంతో పాటు ఒక్కో మలుపుకు పట్టిన సెకన్లను కూడా పలక మీద రాయిస్తే, తన జత ఎక్కడ వెనకబడుతోందో రైతుకు ఆ అంకెల్లోనే కనిపిస్తుంది.