తాళపుచెవుల గుత్తి: కంప్యూటరు ప్రవేశమును సులభము చేసిన చిన్న ఉపకరణముల చరిత్ర

వచ్చినవాడు తనవాడా, పరాయివాడా యని తెలిసికొనుట మానవుని పురాతన సమస్యలలో నొకటి. సుందరకాండమున హనుమంతుడు అశోకవనమున మాటలాడినప్పుడు సీతాదేవి మొదట శంకించెను. ఆయన శ్రీరాముని యుంగరమును గుర్తుగా సమర్పించెను. తిరిగి పోవునప్పుడు ఆమె చూడామణి నిచ్చుటయే గాక, తమ యిరువురకే తెలిసిన కాకాసుర వృత్తాంతమును సైతము ఆనవాలుగా చెప్పి పంపెను. చేతనుండు వస్తువొకటి, మనస్సునందుండు రహస్యమొకటి: గుర్తింపునకు ఈ రెండే ప్రధాన సాధనములు. శకుంతల యుంగరము నీట జారిపోగా కలిగిన కష్టము, ఆనవాలు పోగొట్టుకొన్నవారి దుఃస్థితికి దృష్టాంతము. నేడు కార్యాలయమున కంప్యూటరు ముందు కూర్చుండి పేరును, పాస్‌వర్డు అనబడు సంకేతపదమును నింపు ఉద్యోగి చేయునదియు ఈ పనియే. ఆ పని యొక్క బరువును తగ్గించుటకు కొందరు ఉచితముగా నిర్మించి యిచ్చిన చిన్న ఉపకరణముల చరిత్ర ఆసక్తికరమైనది, హెచ్చరికలతో గూడినది.

1950లలో కంప్యూటరు ఒక గది నిండిన యంత్రము. సాధారణముగా ఒక సమయమున ఒకరి పనినే చేయునది. పని కావలసినవారు రంధ్రములు పొడిచిన కార్డులను ఒప్పగించి ఫలితము కొఱకు గంటల తరబడి నిరీక్షింపవలసి యుండెను. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ యందు జాన్ మెకార్థీ 1959లో ఒకే యంత్రము యొక్క కాలమును పలువురకు పంచి యిచ్చు పద్ధతిని ప్రతిపాదించెను. ఆ సంస్థయందే ఫెర్నాండో కార్బటో నాయకత్వమున అట్టి వ్యవస్థ 1961 నవంబరులో ప్రదర్శింపబడెను. పలువురు ఒకే యంత్రమును వాడునప్పుడు ఎవరి కాగితములు వారికే దక్కవలెను గదా! ఉమ్మడి కుటుంబమున ఎవరి పెట్టెకు వారు తాళము వేసికొన్నట్లు, ఒక్కొక్కరికి ఒక్కొక్క సంకేతపదము ఏర్పడెను. ఈ మెకార్థీయే తరువాత స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున, నాటి చిత్తూరు జిల్లా కాటూరు గ్రామమున జన్మించిన దబ్బల రాజగోపాల రెడ్డిగారి పరిశోధనకు మార్గదర్శి యయ్యెను. రాజ్ రెడ్డిగా ప్రసిద్ధులైన వారు 1994లో ట్యూరింగు పురస్కారమును పంచుకొనిరి. కార్బటోకు ఆ గౌరవము 1990లో దక్కియుండెను.

తాళము పుట్టిన మఱుసటి దినముననే దొంగయు పుట్టునను సామెత వంటి మాట యిచట నిజమయ్యెను. అలన్ షెర్ అను పరిశోధక విద్యార్థికి వారమునకు కొలది గంటల యంత్రకాలమే కేటాయింపబడియుండెను. అది చాలక, 1962లో అతడు సంకేతపదముల పట్టికను అచ్చువేయుమని ఒక కార్డు ద్వారా యంత్రమునకు ఆజ్ఞ యిచ్చి, సర్వుల రహస్యములను చేజిక్కించుకొనెను. మఱికొంత కాలమునకు వేఱొక వింత జరిగెను. ఇరువురు నిర్వాహకులు ఏకకాలమున రెండు దస్త్రములను సవరించుచుండగా, రెండింటికిని తాత్కాలికముగా ఒకే పేరు పడి అవి తారుమారయ్యెను. నాటి ప్రకటన కనిపింపవలసిన చోట, ప్రవేశించిన ప్రతివానికిని అందఱి సంకేతపదములును దర్శన మిచ్చెను! రహస్యమును ఉన్నదున్నట్లు వ్రాసి దాచుట ఎంత ప్రమాదమో ఈ రెండు సంఘటనలును లోకమునకు నేర్పెను.

ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున రోజర్ నీడ్‌హామ్ దీనికి పరిష్కారము కనుగొనెను. సంకేతపదమును దాచక, దాని నుండి లెక్కకట్టిన రూపమును మాత్రమే దాచుట ఆ పద్ధతి. పసుపును సున్నమును కలిపిన పారాణి నుండి మరల పసుపును వేఱుచేయ శక్యము కానట్లు, ఆ రూపము నుండి మూలపదమును రాబట్టుట దుష్కరము. బెల్ ప్రయోగశాల యందు రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ అనువారు యూనిక్సు వ్యవస్థ కొఱకు దీనిని మఱింత దృఢపఱచి, 1979లో తమ అనుభవములను ప్రకటించిరి. వారు సేకరించిన 3,289 సంకేతపదములలో 15 కేవలము ఒక్క అక్షరము గలవి, 72 రెండక్షరములవి, 464 మూడక్షరములవి. నిఘంటువులలోను పేర్ల పట్టికలలోను దొరకునవి మొదలైన బలహీనములన్నియు కలిపి చూడగా 2,831, అనగా నూటికి 86 వంతులు, సులభముగా ఊహింపదగినవని తేలెను. తాళము గట్టిదే, తాళపుచెవి మాత్రము గుమ్మము మీదనే యున్నది. తప్పు ఉద్యోగి సోమరితనమున నున్నదా, మనుష్యుని జ్ఞాపకశక్తికి మించిన బరువును మోపిన వ్యవస్థ యందున్నదా యను ప్రశ్న నాటి నుండియే ఆరంభమయ్యెను.

ఆ బరువును తగ్గింప పూనుకొన్నవారు మొదట విశ్వవిద్యాలయముల వారే. మసాచుసెట్స్ సంస్థ 1983లో అథీనా యను ప్రణాళికను చేపట్టి, విద్యార్థులకు వందలకొలది యంత్రములను అందుబాటులోనికి తెచ్చెను. ప్రతి సేవకును వేఱువేఱుగా సంకేతపదము చెప్పుట అసాధ్యము కాగా, గ్రీకు పురాణములలోని మూడు తలల కుక్క పేరుతో కెర్బరోస్ అను వ్యవస్థ రూపొందెను. ఉదయము ఒక్కసారి సంకేతపదము చెప్పినచో ఒక చీటి లభించును; గడువు తీరువఱకు ఆ చీటి ఆధారముగా తక్కిన సేవల ద్వారములు తెఱచుకొనును. తిరునాళ్లలో ఒకచోట చీటి కొని లోపలి వినోదముల నన్నిటిని చూచుట వంటిదిది. ఆ సంస్థ దానిని ఉచితముగా పంచిపెట్టెను. తరువాత విండోసు 2000 మొదలుకొని పెద్ద కార్యాలయముల యంత్రములలో ఆ పద్ధతియే ప్రధానమయ్యెను.

1995లో ఫిన్లండు దేశమున హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయపు తంతులపై ప్రయాణించు సంకేతపదములను ఎవరో దొంగిలించిరి. దానితో మేల్కొనిన టాటూ ఊలోనెన్ ఎస్సెస్సెచ్ అను ఉపకరణమును వ్రాసి ఉచితముగా విడుదల చేసెను. ఇందు సంకేతపదమునకు మాఱుగా రెండు తాళపుచెవుల జంటను వాడవచ్చును: ఒకటి బహిరంగము, ఒకటి రహస్యము. రహస్యపు చెవిని దినమున కొక్కసారి తెఱచి జ్ఞప్తియందుంచుకొను చిన్న సహాయక ప్రోగ్రాము దానితో కలదు. సైమన్ టాథమ్ ఉచితముగా నిచ్చిన పుట్టీ యను ఉపకరణమునకు తోడుగా పేజెంట్ అను ప్రోగ్రాము విండోసు వాడుకరులకు ఈ సౌకర్యమునే కలిగించెను.

సౌకర్యములన్నియు మేలైనవి కావు. గృహములలో కంప్యూటరు ప్రవేశించిన పిమ్మట, యంత్రము తెఱచినంతనే సంకేతపద మడుగకుండ లోనికి పోనిచ్చు ఉపాయములు ప్రచారమునకు వచ్చెను. విండోసు ఎన్టీ యందు ఆ యేర్పాటు చేసికొన్నచో సంకేతపదము యంత్రపు పట్టికలో ఉన్నదున్నట్లు నిలిచియుండును. అనగా 1962 నాటి పొరపాటే మరల జరిగినది. మార్క్ రుసినోవిచ్, బ్రైస్ కాగ్స్‌వెల్ అనువారు 1996లో ఆరంభించిన సిసింటర్నల్స్ సంస్థ ఉచితోపకరణములలో ఆటోలాగాన్ ఒకటి. అది సంకేతపదమును గుప్తలిపిలో దాచును. అయినను నిర్వాహకాధికారము గలవాడు దానిని సులభముగా వెలికితీయగలడని ఆ ఉపకరణముతో వచ్చు వివరణయే హెచ్చరించుచున్నది. ఏకాంతమున ప్రయోగశాలలో పనిచేయు యంత్రమునకు అది తగును. పదిమంది తిరుగు కార్యాలయమున అది తలుపు తీసిపెట్టి నిద్రించుటయే.

బరువును నిజముగా దించినది మఱియొక జాతి ఉపకరణము. 1997లో బ్రూస్ ష్నైయర్ పాస్‌వర్డ్ సేఫ్ అను చిన్న ప్రోగ్రామును ఉచితముగా విడుదల చేసెను. 2003లో జర్మనీ దేశీయుడైన డొమినిక్ రైచెల్ కీపాస్ అను దానిని ప్రారంభించెను. వీని సూత్రము సులభమే. పాతకాలపు గృహిణి నడుమున దోపుకొను తాళపుచెవుల గుత్తివలె, సంకేతపదము లన్నియు గుప్తలిపిలో ఒకే పెట్టెయందుండును. ఆ పెట్టెకు ఒక్క మూలపదము మాత్రము జ్ఞప్తియందున్న చాలును. ఒక్కొక్క ద్వారమునకు పొంతన లేని పొడవైన సంకేతపదమును ఆ ప్రోగ్రామే కల్పించి, అవసరమైనప్పుడు తానే నింపును. ఒకచోట రహస్యము బయటపడినను తక్కిన ద్వారములు భద్రముగా నుండును.

వేసవిలో చలివేంద్రము పెట్టినవాడు దాహముతో వచ్చినవాని ఊరు, పేరు అడుగడు. ఈ యుపకరణములను నిర్మించినవారును అట్లే ఎవరి నుండియు ధనమడుగక లోకమున కొసగిరి. కీపాస్ వంటివానికి వేఱొక సుగుణము కలదు: లోపలి వ్రాత అంతయు బహిరంగము. అందుచేతనే యూరోపియను కమిషను 2016లో దానిని నిపుణులచే పరీక్షింపజేయ గలిగెను. అందు తీవ్రమైన లోపమేదియు కానరాలేదు. అయినను 2023లో యంత్రపు జ్ఞాపకము నుండి మూలపదమును చాలవఱకు రాబట్టగల లోపమొకటి బయటపడెను. ఆ యేడే అది సవరింపబడెను. బహిరంగముగా నున్నది గనుక లోపము దొరికెను, సవరణయు జరిగెను. ఈ పేరుతోనే నకిలీ ప్రతులను పంచిన వంచకులును లేకపోలేదు. చలివేంద్రపు నీరు త్రాగువాడును కుండ ఎవరిదో చూచుకొనవలయును. ఉచితోపకరణమును నిర్మాత స్వస్థానము నుండియే గ్రహింపవలయును.

ప్రభుత్వములు ఈ సత్యమును ఆలస్యముగా గ్రహించెను. అమెరికా జాతీయ ప్రమాణ సంస్థ కొఱకు బిల్ బర్ వ్రాసిన మార్గదర్శకము 2004లో వెలువడెను. పెద్ద అక్షరములు, అంకెలు, వింత గుర్తులు కలుపుడనియు, తఱచు మార్చుడనియు చెప్పు నియమములు దాని వలన లోకమంతట వ్యాపించెను. ఫలితమేమనగా, జనులు పాత పదము చివర ఒక అంకె చేర్చి సరిపెట్టుకొనిరి. లేదా కాగితముపై వ్రాసి యంత్రమునకు అంటించిరి. 2017లో ఆ సంస్థ తన సలహాను మార్చుకొనెను: రహస్యము బయటపడినదను ఆధారము లేనిదే గడువు పెట్టి మార్పింపవలదనియు, తాళపుచెవుల గుత్తి వంటి ఉపకరణముల వాడుకకు అడ్డు చెప్పవలదనియు తెలిపెను. బర్ సైతము తన సలహాలలో పెక్కింటి విషయమున విచారము వెలిబుచ్చెను.

భారతదేశమున 1976లో జాతీయ సమాచార కేంద్రము స్థాపితమైన నాటి నుండి ప్రభుత్వ కార్యములు క్రమముగా కంప్యూటరునకు మాఱినవి. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టము ఎలక్ట్రానికు పత్రములకును సంతకములకును న్యాయస్థానమున విలువ కల్పించెను. ఇట్టి స్థితిలో సంకేతపదము కేవలము గడప దాటు మాట కాదు. అది సంతకముతో సమానము. పని త్వరగా కావలెనని అధికారి తన సంకేతపదమును సహాయకునకు చెప్పినచో, ఆ పిమ్మట జరిగిన ప్రతి చర్యయు అధికారి పేరుననే నమోదగును. నిరపరాధి దోషిగా నిలువవచ్చును, దోషి తప్పించుకొనవచ్చును. కార్యాలయములలో ఈ యలవాటు దుర్బుద్ధి వలన గాక, పలు ద్వారములు, పలు పదములు, పని ఒత్తిడి వలన కలుగుచున్నది. ఆజ్ఞాపత్రముల కంటె సులభమైన సాధనమే దీనిని మాన్పగలదు.

మఱియొక చివర వృద్ధులైన పింఛనుదారులు కలరు. పూర్వము ఏటేట నవంబరులో తాము జీవించియున్నామని స్వయముగా పోయి నిరూపింపవలసి యుండెను. 2014 నవంబరు 10న జీవన ప్రమాణ్ ఆరంభమైన పిమ్మట, వ్రేలిముద్రనో కంటిపాపనో గుర్తుగా చూపి ఆ పత్రమును ఎలక్ట్రానికు రూపమున పొందు వీలు కలిగెను. 2021లో ముఖమును చూపు పద్ధతియు చేరెను. చేతి వ్రేళ్లు అరిగిపోయిన వృద్ధునకు ఈ మూడవ మార్గము ఎంత ఊరటయో చెప్పనవసరము లేదు. గుర్తింపు సులభమగుట యనగా కొందఱకు తీరిక, కొందఱకు భుక్తి.

2019 మార్చి 4న వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం ఆమోదించిన ప్రమాణము వలన సంకేతపదమే లేని ప్రవేశమునకు మార్గమేర్పడెను. రహస్యపు చెవి చేతిలోని సాధనమునందే యుండును. ద్వారమున నుండునది దాని జంటయైన బహిరంగపు చెవి మాత్రమే. అట్లు, మనసునందలి రహస్యమునకు బదులు చేతి ముద్రిక తిరిగి గౌరవమును పొందుచున్నది. ఆ ముద్రిక పోయినచో శకుంతల కష్టమే సంభవించును గనుక, వేఱొక ఆనవాలును భద్రపఱచుకొనుట వివేకము.

ఈ అఱువది యేండ్ల చరిత్ర నేర్పు పాఠ మొక్కటే. మనుష్యుని శక్తికి మించిన నియమమును మనుష్యుడు పాటింపడు, పాటించినట్లు నటించును. సౌకర్యము భద్రతకు శత్రువు కాదు. రహస్యమును విప్పి పాఱవేయు సౌకర్యము మాత్రమే శత్రువు. జ్ఞాపకశక్తి భారమును తాను మోసి, రహస్యమును మాత్రము దాని యజమానికే విడిచిపెట్టు చిన్న ఉపకరణము, పెద్ద ఆజ్ఞల కంటె మేలైన కావలివాడు.