డబరా నుంచి పోటీబల్ల దాకా: తెలుగు నేలపై కాఫీ వృత్తి, పదజాలం, గుర్తింపు

కీలకపదాలు: కాఫీ, డికాషన్, బరిస్టా పోటీలు, అరకు, మొయినాబాద్, వృత్తి పదజాలం.

ఉపోద్ఘాతం

హైదరాబాదు నుంచి చేవెళ్ల మీదుగా వికారాబాదుకు సాగే రహదారి ఊడలమర్రుల నీడకు ప్రసిద్ధి. ఆ దారిలో ఉన్న మొయినాబాద్ ప్రాంతానికి కాఫీతో పూర్వబంధం చెప్పుకోదగినది కాదు. ఇది కూరగాయలు, పూలు పండే నేల. బస్టాండులో, సంతలో, పొలం గట్టున తాగేది చాయ్. అయితే చిలుకూరు, గండిపేట దారుల్లో ఇటీవల వెలసిన కేఫ్‌లలో ఎస్ప్రెస్సో, కాపుచినో, లాటె అనే మాటలు ఇప్పుడు నిత్యవ్యవహారంలోకి వచ్చాయి. వాటిని తయారుచేసే యువతీయువకులకు ‘బరిస్టా’ అనే వృత్తినామం ఏర్పడింది. ఆ వృత్తికి ప్రాంతీయ, జాతీయ, ప్రపంచ స్థాయి పోటీలు కూడా ఉన్నాయి.

ఈ పరిణామాన్ని కేవలం నగర వినోదంగా చూడటం సరికాదు. కాఫీ పండించేవారు, కలిపేవారు, తాగేవారు అనే మూడు వర్గాల మధ్య తెలుగు నేలపై శతాబ్దానికి పైగా ఉన్న ఎడం ఎలా ఏర్పడిందో, బరిస్టా పోటీలు దానిని ఎంతవరకు పూడుస్తున్నాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

రెండు దారులు

కాఫీ తెలుగు నేలకు రెండు వేర్వేరు దారుల్లో వచ్చింది. మొదటిది పంట దారి. 1898లో బ్రోడీ అనే బ్రిటిష్ అధికారి తూర్పు గోదావరి ప్రాంతంలోని పాములేరు లోయలో కాఫీని ప్రవేశపెట్టాడు. తరువాతి కాలంలో అది అనంతగిరి, చింతపల్లి, పాడేరు, అరకు కొండలకు విస్తరించింది. అటవీశాఖ తోటలతో పాటు, గిరిజనాభివృద్ధి పథకాల ద్వారా ఆదివాసీ రైతుల చిన్న కమతాల్లోనూ కాఫీ మొక్కలు నాటుకున్నాయి. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, వాటికి అల్లుకున్న మిరియపు తీగల నడుమ అరబికా పండించే పద్ధతి అక్కడ స్థిరపడింది.

రెండవది పానీయపు దారి. ఇది మద్రాసు వైపు నుంచి ఉద్యోగుల, న్యాయవాదుల, విద్యార్థుల ఇళ్లలోకి, అక్కడి నుంచి పట్టణాల కాఫీ హోటళ్లలోకి నడిచింది. తమిళ మధ్యతరగతి జీవితంలో కాఫీ పొందిన స్థానాన్ని ఎ.ఆర్. వెంకటాచలపతి విస్తృతంగా చర్చించారు. కోస్తా, రాయలసీమ పట్టణాల అనుభవం దానికి దగ్గరిది. నిజాం పాలనలోని తెలంగాణలో మాత్రం ఇరానీ హోటళ్ల ప్రాబల్యం వల్ల చాయ్‌దే పైచేయి అయింది. హైదరాబాదులో కాఫీ ప్రధానంగా ఉడుపి తరహా హోటళ్లను ఆశ్రయించి నిలిచింది.

ఈ రెండు దారులూ చాలాకాలం కలవలేదు. కొండమీద పండించినవారికి కాఫీ నిత్యపానీయం కాలేదు. పట్టణంలో తాగినవారికి అది ఏ కొండదో తెలియదు.

పేరులేని పనితనం

ఎడం ఇలా కొనసాగడానికి వ్యవస్థాగత కారణం ఒకటి ఉంది. 1942 నాటి కాఫీ చట్టం ప్రకారం రైతులు తమ పంటను కాఫీ బోర్డుకు అప్పగించేవారు. బోర్డు దానిని ఉమ్మడి నిల్వగా చేర్చి, శ్రేణులుగా విభజించి అమ్మేది. కష్టకాలంలో ధరకు కొంత భరోసా ఇచ్చిన ఈ పద్ధతిలోనే తోట పేరు, రైతు పేరు మాసిపోయాయి.

కలిపేవారి స్థితి కూడా ఇటువంటిదే. తెలుగు హోటళ్లలో ‘టీ మాస్టర్’, ‘దోసె మాస్టర్’ అనే పిలుపులు నైపుణ్యానికి గౌరవం ఇచ్చినవే. అయితే అక్కడ పని పేరే మనిషి పేరు అయింది. రుచికి వచ్చిన కీర్తి హోటలు బోర్డుకు చెందింది. గ్లాసు నుంచి డబరాలోకి ఎత్తుగా తిరగబోసి నురగ తెచ్చిన చేతికి చెందలేదు. ఈ చరిత్రలో ఒక మినహాయింపు ఇండియా కాఫీ హౌస్. 1936లో బొంబాయిలో మొదలైన ఈ కాఫీశాలలను 1950ల్లో బోర్డు మూసివేయసాగినప్పుడు, ఎ.కె. గోపాలన్ నాయకత్వంలో కార్మికులు 1957 నుంచి సహకార సంఘాలుగా ఏర్పడి వాటిని తామే నడుపుకున్నారు. వడ్డించేవారు యజమానులైన సందర్భం అది. అయినా అక్కడ నిలిచింది సమష్టి హక్కే. వ్యక్తి పనితనానికి గుర్తింపు అనే ప్రశ్న మిగిలే ఉంది.

1996: ఒక మలుపు

1992 నుంచి దశలవారీగా సాగిన సరళీకరణ 1996 నాటికి రైతులందరికీ తమ కాఫీని తామే అమ్ముకునే స్వేచ్ఛ ఇచ్చింది. అదే సంవత్సరం బెంగళూరు బ్రిగేడ్ రోడ్డులో కెఫే కాఫీ డే మొదటి శాఖ వెలసింది. యాదృచ్ఛికంగా, ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాల రక్షణకు 84 గ్రామాలలో నిర్మాణాలను నియంత్రించిన 111వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు కూడా 1996 మార్చిలోనే వచ్చింది. మొయినాబాద్, చేవెళ్ల మండలాల గ్రామాలు అందులో ఉన్నాయి. ఈ సంఘటనలకు పరస్పర సంబంధం లేదు. కాని ఫలితాలు మొయినాబాద్‌లో కలుసుకున్నాయి. ఎత్తైన భవనాలు రాకపోవడం వల్ల ఈ నేల తోటలతో మిగిలి, నగరవాసుల వారాంతపు విడిదిగా మారింది. నగరంలో రూపుదిద్దుకున్న కేఫ్ సంస్కృతి ఆ విడిది వెంట ఇక్కడికి చేరింది.

‘బరిస్టా’ అనే ఇటాలియన్ మాటకు బార్ బల్ల వెనుక పనిచేసే వ్యక్తి అని అర్థం. 2000లో అదే పేరుతో ఒక కాఫీ సంస్థ ఢిల్లీలో ఆరంభమై ఇతర నగరాలకు విస్తరించింది. అందువల్ల మన నగరాల్లో ఎందరికో ఈ పదం మొదట దుకాణం పేరుగా, ఆ తరువాతనే మనిషి వృత్తిగా పరిచయమైంది. పదం ప్రయాణంలో కూడా మనిషికంటె బోర్డే ముందు నిలిచింది.

పోటీబల్ల

ప్రపంచ బరిస్టా పోటీ 2000లో మాంటెకార్లోలో మొదలైంది. భారతదేశంలో ప్రాంతీయ అర్హతల ద్వారా జాతీయ పోటీకి, అక్కడి విజేత ప్రపంచ పోటీకి వెళతారు. పోటీదారు 15 నిమిషాల్లో 12 పానీయాలు అందించాలి: నాలుగు ఎస్ప్రెస్సోలు, నాలుగు పాలపానీయాలు, నాలుగు స్వీయకల్పిత పానీయాలు. రుచిని పరీక్షించే న్యాయనిర్ణేతలు కొందరైతే, పొడి వృథా, శుభ్రత, పనిక్రమం వంటివి గమనించేవారు మరికొందరు. పోటీదారు మౌనంగా కలిపి ఇస్తే చాలదు. గింజ ఏ తోటది, ఏ ఎత్తులో పండింది, ఎలా శుద్ధి అయింది, కప్పులో ఏ రుచులు దొరుకుతాయి అన్నవి మాటల్లో చెప్పాలి. చెప్పిన రుచి కప్పులో కనిపించాలి.

చారిత్రకంగా ఈ నియమం ముఖ్యమైనది. ఉమ్మడి నిల్వలో మాసిపోయిన తోట పేరును కలిపేవారి నోట తిరిగి పలికించే వేదిక ఇది. అరకు కాఫీ ప్రస్థానం కూడా ఈ దిశలోనే సాగింది. నాంది ఫౌండేషన్ తోడ్పాటుతో ఆదివాసీ రైతుల సహకార సంఘం పండించిన కాఫీ 2017లో పారిస్‌లో సొంత దుకాణానికి చేరింది. 2019 మార్చిలో అరకు లోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు లభించింది.

రుచికి మాట

గుర్తింపు వచ్చిన చోటనే భాషా సమస్య తలెత్తుతుంది. పోటీల మార్కుల పత్రం ఆంగ్ల రుచిపదాల మీద నిర్మితమైనది. అందులో పులుపు ఒక సుగుణం. పండ్ల పులుపును తలపించే కాఫీకి మంచి మార్కులు పడతాయి. తెలుగు ఇంట కాఫీ పుల్లగా ఉందంటే పాలు పాడయ్యాయని అర్థం. అక్కడ చిక్కదనం కాఫీ ద్రవానిది. ఇక్కడ చిక్కదనం పాలది. చికోరీ కలిసిన డికాషన్ కాఫీకి ఆ పత్రంలో చోటే లేదు.

అంతమాత్రాన తెలుగులో కాఫీ జ్ఞానం లేదనడం పొరపాటు. ‘డికాషన్ దిగడం’ అనే ప్రయోగంలో నీరు పొడి గుండా నెమ్మదిగా జారుతూ సారాన్ని తీసుకునే ప్రక్రియ మొత్తం ఇమిడి ఉంది. మొదటి డికాషన్‌కు, రెండో డికాషన్‌కు గృహిణులు చూపే భేదం సారం ఎంత దిగిందన్న లెక్కే. ‘కమ్మన’, ‘వగరు’, ‘మాడు వాసన’ అనేవి కచ్చితమైన రుచి నిర్ణయాలే. 2012 నాటి ‘మిథునం’ చిత్రంలో జొన్నవిత్తుల రచించిన కాఫీ దండకం, దేవతాస్తుతికి వాడే ఛందోరూపాన్ని ఈ పానీయానికి అన్వయించి, దాని గృహస్థానాన్ని హాస్యంతో చాటింది. లోపించింది పదసంపద కాదు, వృత్తిశిక్షణలో దాని వినియోగం.

దీని ప్రభావం సాహిత్య చర్చకే పరిమితం కాదు. తెలుగు మాధ్యమంలో చదివి కేఫ్‌లో పనికి చేరిన ఒక చేవెళ్ల యువకుని నాలుక రుచిని సరిగానే పసిగట్టవచ్చు. దానిని చెప్పే మాట పరాయిది అయినప్పుడు అతడు పోటీబల్ల దాకా రావడమే కష్టం. కొండమీద పండు కోసే రైతుకు కూడా తన పంటకు మార్కు ఎందుకు తగ్గిందో తెలిసే మార్గం అదే మాట వద్ద మూసుకుపోతుంది.

ముగింపు

పంటదారి, పానీయపు దారి శతాబ్దం పాటు విడిగా నడిచాయి. ఉమ్మడి నిల్వ రైతు పేరును, హోటలు బోర్డు కలిపేవారి పేరును మరుగుపరిచాయి. 1996 తరువాతి మార్కెట్టు, పోటీల నియమాలు ఆ పేర్లను కొంతవరకు వెలికితీశాయి. రుచిని చెప్పే భాష మాత్రం ఇంకా ఆ పరిధికి వెలుపలే ఉంది. చేనేత, వ్యవసాయ వృత్తుల మాటలను సేకరించి మాండలిక వృత్తిపదకోశాలు నిర్మించిన సంప్రదాయం తెలుగు పరిశోధనకు ఉంది. పాడేరు కొండల్లో పండు కోసేవారి మాటలు, పాత హోటళ్ల మాస్టర్ల మాటలు, ఇళ్లలో డికాషన్ దించినవారి మాటలు అదే పద్ధతిలో సేకరించవలసి ఉంది. ఇత్తడి ఫిల్టర్లతో, డబరాలతో జీవితకాలం పనిచేసిన తరం ఇప్పుడు వృద్ధాప్యంలో ఉన్నందున ఈ సేకరణలో జాప్యం తగదు.