ఎగరని విమానం

1996 సెప్టెంబర్ 27 తెల్లవారేసరికి కాబూల్ నడిబొడ్డున, అధ్యక్ష భవనానికి దగ్గరి కూడలిలో, ట్రాఫిక్ స్తంభానికి రెండు శవాలు వేలాడుతున్నాయి. ఒకటి మాజీ అధ్యక్షుడు నజీబుల్లాది. రెండోది ఆయన సోదరుడు షాపూర్ అహ్మద్‌జాయ్‌ది. ఈ కథ చివరికి చేరేది అక్కడికే. అది తెలిసి కూడా వెనక్కి వెళ్లి ప్రతి మలుపు దగ్గరా ఆగుతాం. ఇక్కడైనా తప్పిపోయి ఉండకూడదా అని గుండె కొట్టుకుంటుంది.

పక్త్యా ప్రాంతపు అహ్మద్‌జాయ్ పష్తూన్ల బిడ్డ నజీబుల్లా. కాశ్మీర్‌లోని బారాముల్లాలో కొంతకాలం బడికి వెళ్లారు. కాబూల్లో వైద్యం చదివారు. నాడి పట్టుకుని బతకవలసిన చేయి అది. కానీ 1980లో ‘ఖాద్’ అనే రహస్య పోలీసు సంస్థ పగ్గాలు ఆ చేతికి వచ్చాయి. దాని చెరసాలల్లో ఎందరో చిత్రహింసలు పడ్డారు, ఎందరో తిరిగి ఇళ్లకు రాలేదు. ఆ తల్లుల కన్నీళ్లు దాచిపెట్టి ఈ కథ చెప్పడం పాపం. నజీబుల్లా మచ్చలేని మనిషి కాదు. ఆయనతో పాటు కూలిపోయిన నగరం మాత్రం ఏ పాపమూ ఎరుగదు. మన దుఃఖం ముందుగా ఆ నగరం కోసం.

1986లో పాలక పార్టీ నాయకత్వం చేతికొచ్చాక ఆయన మారడానికి ప్రయత్నించారు. జాతీయ సయోధ్య అన్నారు. కొత్త రాజ్యాంగం తెచ్చి, ఇస్లాంకు రాజ్యమతమనే స్థానం ఇచ్చారు. తుపాకీ పట్టినవాళ్లను ప్రభుత్వంలోకి రమ్మన్నారు. ఆ పిలుపు ఆలస్యంగా వచ్చింది. రక్తం చాలా పారాక వచ్చింది. అయినా పిలుపే. దాన్ని అందుకునే చేయి లేకపోయింది.

1988 ఏప్రిల్ 14న జెనీవాలో ఒప్పందాలు కుదిరాయి. అఫ్గానిస్థాన్, పాకిస్థాన్ సంతకాలు చేశాయి. అమెరికా, సోవియట్ యూనియన్ హామీగా నిలిచాయి. దేశంలో ఉన్న సోవియట్ సేనలు ఎప్పుడు వెళ్లాలో అందులో తేల్చారు. సేనలు వెళ్లాక కాబూల్‌ను ఎవరు పాలించాలో తేల్చలేదు. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు రాసి ఉంటే! రాయలేదు. 1989 ఫిబ్రవరి 15న సోవియట్ జనరల్ గ్రోమోవ్ అమూ దర్యా మీది వంతెన దాటి తన దేశంలోకి నడిచి వెళ్లారు. సుమారు పదిహేను వేల మంది సోవియట్ సైనికులను, అంతకు ఎన్నో రెట్లు అఫ్గాన్లను మింగిన యుద్ధం కాగితం మీద ముగిసింది. అమెరికా అప్పటికే కాబూల్లోని తన రాయబార కార్యాలయానికి తాళం వేసుకుంది.

నజీబ్ వారాల్లో కూలిపోతారని అందరూ అనుకున్నారు. కూలలేదు. మార్చిలో జలాలాబాద్ మీద తిరుగుబాటు దళాలైన ముజాహిదీన్లు విరుచుకుపడితే ఆయన సేన నిలబడింది. మరుసటి ఏడు సొంత రక్షణ మంత్రి తనాయ్ తిరగబడితే అదీ తట్టుకున్నారు. రెండు పక్షాలకూ పూర్తి గెలుపు దక్కదని తేలిన ఆ రోజులే రాజీకి తగిన రోజులు. కానీ ముజాహిదీన్లకు అండగా నిలిచిన ఇస్లామాబాద్‌కు, వాషింగ్టన్‌కు గెలుపు ఇంకో అడుగు దూరంలోనే కనిపించింది. ఆ అడుగు కోసం మూడేళ్లు పోయాయి.

ఆ మూడేళ్లూ కాబూల్ ఊపిరి ఉత్తరం నుంచి వచ్చేది. పిండి, పెట్రోలు, ఆయుధాలు, సైనికుల జీతాలు, స్థానిక సేనల విధేయత, అన్నీ మాస్కో ఇచ్చే సాయం మీదే ఆధారపడి ఉన్నాయి. 1991 సెప్టెంబర్‌లో అమెరికా, సోవియట్ యూనియన్ కలిసి మరో మాట అనుకున్నాయి. రానున్న జనవరి 1 నుంచి ఇరుపక్షాలకూ ఆయుధాలు ఆపేద్దామని. వినడానికి శాంతి మాటే. డిసెంబర్‌లో సోవియట్ యూనియనే లేకుండా పోయింది. కొత్త పందిరి లేవకముందే పాత పందిరి గుంజలు పీకేసినట్టయింది. విమానాలకు ఇంధనం లేదు. దళాలకు జీతం లేదు. ఉత్తరాన స్థానిక సేనాని దోస్తుం తిరగబడ్డాడు. మార్చిలో మజార్-ఎ-షరీఫ్ చేజారింది.

1992 మార్చి 18న నజీబుల్లా దేశ ప్రజలతో మాట్లాడారు. ఐక్యరాజ్య సమితి చూపే తాత్కాలిక ప్రభుత్వానికి అధికారం అప్పగించి తప్పుకుంటానన్నారు. ఆ మాట నిజాయితీగా అన్నా, ఆ ప్రభుత్వం ఇంకా పుట్టలేదు. దిగిపోతానన్న మనిషి కోసం ప్రాణమిచ్చే సైనికుడు ఎక్కడుంటాడు? ప్రతి సేనాని తన దారి వెతుక్కున్నాడు.

ఏప్రిల్ 15 అర్ధరాత్రి దాటాక ఆయన విమానాశ్రయానికి బయలుదేరారు. సమితి ప్రతినిధి బెనన్ సెవాన్ విమానంతో అక్కడే ఉన్నారు. చేరవలసిన చోటు ఢిల్లీ. భార్య, కూతుళ్లు అప్పటికే అక్కడున్నారు. కొన్ని గంటల ప్రయాణం. కానీ దారిలో దోస్తుం మనుషులు అడ్డుపడ్డారు. కార్లు వెనుదిరిగాయి. విమానం ఎగరలేదు. ఆయన సమితి కార్యాలయంలో తలదాచుకున్నారు. భారత రాయబార కార్యాలయంలో చోటు ఇమ్మని అడిగితే, కాబూల్లోని భారతీయులకు ముప్పు వస్తుందని ఢిల్లీ వెనుకాడింది. సోవియట్ సేనలు వెళ్లిన నాడు మన విదేశాంగ మంత్రి, ఆ విమానం ఆగిన నాడు మన ప్రధాని, రెండుసార్లూ మన తెలుగువాడు పి.వి. నరసింహారావే. ఢిల్లీ భయంలో న్యాయం ఉంది. ఆ నిర్ణయంలో బాధా ఉంది.

తర్వాతి నాలుగేళ్లూ ఆ ప్రహరీ లోపల ఒక మనిషి, బయట ఒక నగరం ఎదురుచూశాయి. గెలిచిన ముజాహిదీన్ వర్గాలు గెలుపును పంచుకోలేకపోయాయి. ముజాహిదీన్ నేత హెక్మత్యార్ రాకెట్లు కాబూల్ వీధుల మీద కురిశాయి. మసూద్, దోస్తుం, మజారీ, సయ్యాఫ్ అనే నేతల బలగాలు పేట పేటకూ హద్దులు గీసి కొట్టుకున్నాయి. దారులమాన్‌లోని మ్యూజియం కాలింది, దోపిడీకి గురైంది. సోవియట్ యుద్ధమంతా దాదాపు చెక్కుచెదరని నగరం విముక్తి పేరిట శిథిలమైంది. వేల మంది పౌరులు సొంత ఇళ్లలోనే చనిపోయారు. లోపల నజీబ్, బ్రిటన్ రష్యాల పాత పోటీ గురించి హాప్‌కిర్క్ రాసిన ‘ది గ్రేట్ గేమ్’ను పష్తోలోకి అనువదిస్తూ కూర్చున్నారంటారు. తన దేశం పదే పదే చదివి మరిచిన పాఠం అది. తాలిబన్లు నగరం అంచుకు వచ్చిన వేళ, తమతో రమ్మని మసూద్ మనుషులు పిలిచారనీ, ఆయన వెళ్లలేదనీ చెబుతారు. ఆ రాత్రి సమితి ప్రాంగణంలోకి వచ్చినవాళ్లను ఆపేవారెవరూ లేరు.

2020 ఫిబ్రవరి 29న దోహాలో అమెరికాకూ తాలిబన్లకూ మధ్య మరో ఒప్పందం జరిగింది. అందులోనూ సేనలు, ఈసారి అమెరికా సేనలు, ఎప్పుడు వెళ్లాలో తేల్చారు. కాబూల్ ప్రభుత్వాన్ని ఆ బల్ల దగ్గర కూర్చోనివ్వలేదు. 2021 ఆగస్టు 15న కాబూల్ మళ్లీ తాలిబన్ల వశమైంది. ఆరో తరగతి దాటిన ఆడపిల్లలకు ఆ తర్వాత బడి తలుపు మూసుకుంది.

పరాయి సేనలు ఏదో ఒకనాడు వెళ్లిపోవలసిందే. వెళ్లడం తప్పు కాదు. మరునాటి పొద్దున ఎవరు పాలిస్తారో, సిపాయికి జీతం ఎవరిస్తారో, ఓడినవాడికి ప్రాణభయం లేకుండా ఎవరు చూస్తారో తేల్చకుండా వెళ్లడం ఆ జనం పట్ల ద్రోహం. ఒకే దేశానికి ఒకే తరంలో రెండుసార్లు ఆ ద్రోహం జరిగింది.