పెంట దిబ్బ, నక్క వాగు

మిరుగం ఇంకా నెల ఉందనగా మా వైపు పల్లెల్లో పెంట తోలుడు మొదలయ్యేది. ఏడాదంతా దిబ్బలో పడ్డ పేడ, పొయ్యి బూడిద, వాకిలి ఊడ్చిన ఆకూ అలమూ, పశువులు వదిలేసిన చొప్ప మోళ్లు ఎండాకాలం నాటికి నల్లగా మాగేవి. మగవాళ్లు పారలతో తవ్వి తట్టలకెత్తితే ఆడవాళ్లు నెత్తిన పెట్టుకుని బండి నింపేవాళ్లు. ఎర్ర చెలకలో వరసగా పోసిన ఆ చిన్న కుప్పలను దూరం నుంచి చూసి, ఎవరింట్లో ఎన్ని పశువులున్నాయో చెప్పగలిగేవాళ్లు పెద్దలు.

ఈ పనికి కొలతలు కట్టి శాస్త్రంగా రాసినవాడు ఆల్బర్ట్ హోవార్డ్. 1905లో బిహార్‌లోని పూసాకు వృక్షశాస్త్రవేత్తగా వచ్చాడు. ఇక్కడి రైతులకు పాఠాలు చెప్పాల్సిన మనిషి వాళ్లనే గురువులుగా ఒప్పుకున్నాడు. 1924 నుంచి ఇండోర్‌లో యశ్వంత్ వాడ్‌తో కలిసి పనిచేసి, 1931లో తమ పద్ధతిని పుస్తకంగా తెచ్చాడు. ఆకు చెత్త ఒక పొర, పేడ ఒక పొర, పశువుల మూత్రం ఇంకిన మట్టి, కాస్త బూడిద. గాలి ఆడేలా కుప్పను తిరగేస్తూ ఉంటే మూడు నెలల్లో ఎరువు చేతికొస్తుంది. పట్టణాల చెత్తను, మలాన్ని కందకాల్లో పొరలుగా వేసి మాగబెట్టే పద్ధతిని 1939లో బెంగళూరులో సి.ఎన్. ఆచార్య రూపొందించారు. పద్ధతి ఏదైనా అసలు కూలీలు కంటికి కనిపించని సూక్ష్మజీవులే. అవి మేస్తుంటే కుప్ప కాగుతుంది. వేడి అరవై డిగ్రీల దాకా వెళ్తే కలుపు గింజలు, రోగకారక క్రిములు చస్తాయి.

మా వైపు చూస్తే, 1972లో హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరులో సుమారు 1,400 హెక్టార్లలో మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వచ్చింది. నల్లరేగడి, ఎర్రనేల రెండూ ఒకేచోట దొరికే జాగా ఇది. 1999లో శంకర్‌పల్లి దగ్గర కొత్తపల్లిలో ఆ శాస్త్రవేత్తలు వాటర్‌షెడ్ పని మొదలుపెట్టాక, అక్కడి మహిళా సంఘాలు వానపాముల ఎరువు తయారుచేసి అమ్మాయి. రైతులు శాపనార్థాలు పెట్టే వయ్యారిభామ కలుపును కూడా ఎరువుగా మార్చారు. పూత రాకముందే కోయాలి, అంతే. ఇటు జహీరాబాద్ వైపు పస్తాపూర్‌లో 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు, ఎక్కువగా దళిత పేద రైతులు, పశువుల ఎరువుతోనే మెట్ట నేలల్లో జొన్న, కొర్ర, కంది కలిపి పండించారు. 2019లో వాళ్లకు ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది.

అయినా పటాన్‌చెరు పేరు ప్రపంచానికి ఎక్కువగా తెలిసింది మరో కారణం వల్ల. డెబ్బైల నుంచి వెలసిన ఫ్యాక్టరీల వ్యర్థ జలాలు ఇసుక వాగులో, నక్క వాగులో కలిసి మంజీర దాకా పోయాయి. వాగు నీళ్లు పారించుకున్న పొలాలు చెడ్డాయి. ఊళ్లవాళ్లు రోడ్డెక్కారు. 1990లో వ్యాజ్యం సుప్రీంకోర్టుకు చేరింది. 2007లో స్వీడన్ పరిశోధకుడు యోకిమ్ లార్సన్ బృందం, ఇక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొస్తున్న నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని ప్రకటించింది. కొన్ని బ్యాక్టీరియాలకు విషమయ్యే మోతాదుకు అది వెయ్యి రెట్లకు పైమాట.

ఈ రెండు కథలనూ విడదీసి చెప్పడం నాకు చేతకాదు. పెంట దిబ్బను నడిపేది బ్యాక్టీరియా. వాగులోకి వదిలింది బ్యాక్టీరియాను చంపే మందు. కుప్ప ఎంత కాగినా చెత్తలో కలిసిన కాడ్మియం, సీసం కూడా కాలిపోవు. ఎరువుతో పాటు చేనుకే చేరతాయి. అందుకే చట్టం కంపోస్టుకు హద్దు పెట్టింది: కిలోకు కాడ్మియం 5 మిల్లీగ్రాములు, సీసం 100 మిల్లీగ్రాములు దాటకూడదు. తడి చెత్త, పొడి చెత్త వేరు చేయమనడం శుభ్రత కోసమే అనుకుంటాం. అన్నం పండే నేలలోకి ఏం పోవాలో తేల్చేది ఆ వేరు చేయడమే.

పెద్ద గేటెడ్ కాలనీలు తమ తడి చెత్తను వీలైనంత వరకు తమ ఆవరణలోనే ఎరువుగానో గ్యాస్‌గానో మార్చుకోవాలని 2016 నాటి చెత్త నిర్వహణ నిబంధనలు చెప్పాయి. 2019లో తెలంగాణ ప్రభుత్వ పల్లె ప్రగతి కార్యక్రమం మొదలయ్యాక ఊరూరా ట్రాక్టర్, డంపింగ్ యార్డు, కంపోస్ట్ షెడ్డు వచ్చాయి. కొన్నిచోట్ల షెడ్డు నిలబడింది కానీ పని నిలబడలేదు. హైదరాబాద్ బోయిన్‌పల్లి మార్కెట్‌లో మాత్రం రోజూ మిగిలే పది టన్నుల కూరగాయల వ్యర్థంతో దాదాపు 500 యూనిట్ల కరెంటు తీసే ప్లాంటు పెట్టారు.

ఆ మధ్య సంగారెడ్డి దగ్గర ఒక ఊరి షెడ్డుకు పొద్దున్నే వెళ్లాను. ఒక కార్మికురాలు ఇనుప చువ్వను కుప్పలోకి గుచ్చి, కాసేపాగి లాగి, నా చేతికిచ్చింది. పట్టుకోలేకపోయాను. "కాగుతుంది సార్, మంచిగున్నది" అంది. పిడికెడు తీసి పిండి చూపించింది: తడి తగిలింది, చుక్క కారలేదు. తర్వాత ట్రాలీ దించిన కొత్త చెత్త ముందు కూర్చుంది. షాంపూ ప్యాకెట్లు, గుట్కా కవర్లు ఏరుతుంటే సొరకాయ తొక్కల మధ్య మందుబిళ్లల రేకు ఒకటి దొరికింది. మూడు బిళ్లలు ఇంకా అందులోనే ఉన్నాయి. ఆమె దాన్ని కొంగుతో తుడిచి, మిగతా ప్లాస్టిక్‌లో వేయకుండా, గోడ మీద విడిగా పెట్టింది.