నీలిచిత్రాలకు కథ ఎందుకు వచ్చింది, ఎందుకు పోయింది

2005లో వచ్చిన ‘పైరేట్స్’ సముద్రపు దొంగల కథ. దాని షూటింగ్ కొంత ఫ్లోరిడాలో ‘బౌంటీ’ అనే తెరచాప ఓడ మీద జరిగింది. మార్లన్ బ్రాండో నటించిన 1962 నాటి సినిమా కోసం కట్టిన ఓడ అది. ‘పైరేట్స్’ మాత్రం నీలిచిత్రం. డిజిటల్ ప్లేగ్రౌండ్ సంస్థ దానికి పది లక్షల డాలర్లకు పైగా ఖర్చయిందని చెప్పుకుంది. 2008లో వచ్చిన రెండో భాగానికి 80 లక్షలన్నారు.

శృంగార దృశ్యాల కోసం చూసేవాళ్లకు ఓడలు, గ్రాఫిక్స్, కథ ఎందుకు? ఈ ప్రశ్నకు జవాబు 1972లో దొరుకుతుంది. అంతకుముందు ఇలాంటివి ఎక్కువగా చిన్న చిన్న రీళ్లుగా చాటుమాటుగా ఆడేవి. ఆ ఏడాది జెరార్డ్ డామియానో సుమారు 25 వేల డాలర్లతో తీసిన ‘డీప్ థ్రోట్’ న్యూయార్క్ థియేటర్‌లో బహిరంగంగా ఆడింది. దంపతులు కూడా టికెట్ కొని వెళ్లారు. టికెట్ కొన్నవాడికి గంటకు పైగా సాగే బొమ్మ చూపించాలి కదా. దానికి తోడు కోర్టుల భయం ఒకటి. సామాజిక విలువ ఏమాత్రం లేనిదే అశ్లీలమని 1966లో అమెరికా సుప్రీంకోర్టు అంది. 1973లో ఆ కొలతను ఇంకా బిగించింది. అంటే కథ ఉంటే వాదించుకోవడానికి ఒక ఆధారం. టికెట్ కౌంటరూ న్యాయస్థానమూ కలిసి ఈ సినిమాలకు కథను తెచ్చాయని నా నమ్మకం.

‘డీప్ థ్రోట్’ విజయానికి మూల్యం చెల్లించింది దాని కథానాయిక లిండా లవ్‌లేస్. భర్త కొట్టి, తుపాకీ చూపించి తనను ఇందులోకి దింపాడని ఆమె 1980లో తన ఆత్మకథలో రాసింది. 1986లో ప్రభుత్వ కమిషన్ ముందూ సాక్ష్యం చెప్పింది. వసూళ్ల లెక్కలు చెప్పేవాళ్లు ఆమె మాటను వదిలేయడం అన్యాయం.

తర్వాత వీసీఆర్ వచ్చింది. చూసేవాళ్లు ఇంటికి మళ్లారు, థియేటర్లు మూతపడ్డాయి. ఫిల్మ్ పోయి చవక వీడియో వచ్చింది, కథ చిక్కిపోయింది. 1988లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఫ్రీమన్ కేసులో, నటనకు డబ్బివ్వడం వ్యభిచారానికి పురమాయించినట్టు కాదని తేల్చడంతో లాస్ ఏంజెలెస్ పక్కనున్న శాన్ ఫెర్నాండో లోయలో పరిశ్రమ ధైర్యంగా స్థిరపడింది. డీవీడీలు వచ్చాక మళ్లీ పూర్తి సినిమాను డబ్బిచ్చి కొనేవాళ్లు దొరికారు. ‘పైరేట్స్’కు ధైర్యం ఇచ్చింది ఆ మార్కెట్టే. శృంగార దృశ్యాలు తగ్గించిన మరో కూర్పును కూడా విడుదల చేయగలిగారు.

ఆ వెంటనే ఈ మార్కెట్టుకు గొయ్యి తవ్వడం మొదలైంది. 2006లో యూపోర్న్, 2007లో పోర్న్‌హబ్ అనే వీడియో సైట్లు వచ్చాయి. ఎవరో కష్టపడి తీసినదాన్ని మరెవరో ముక్కలు చేసి ఉచితంగా ఎక్కించేవారు. ముక్క ఉచితంగా దొరికేచోట పూర్తి సినిమాకు గిరాకీ ఎక్కడిది? 2009 నాటికి స్క్రిప్టులు పక్కన పెట్టి విడి దృశ్యాలు తీస్తున్నారని న్యూయార్క్ టైమ్స్ రాసింది. ప్రేక్షకుల అభిరుచి దిగజారడం వల్లే ఇలా జరిగిందనేవారితో నేను ఏకీభవించను. కథకు డబ్బు వచ్చే దారి మూసుకుపోయింది. దాంతో రచయిత, సెట్లు వేసేవాళ్లు, లైట్లు పట్టేవాళ్ల పని కూడా పోయింది. 2012లో డిజిటల్ ప్లేగ్రౌండ్‌నే మాన్విన్ అనే సంస్థ కొనేసింది. అప్పట్లో పోర్న్‌హబ్ యజమాని ఆ సంస్థే.