లోకాపవాదు, ఇంటిమాట: ఉత్తరకథ శ్రోతల నుంచి సీరియల్ ప్రేక్షకుల వరకు

ఉపోద్ఘాతం

టెలివిజన్ సీరియళ్ళను గురించి సాహిత్యవేదికల మీద మాట్లాడవలసి వచ్చినప్పుడు వాటి నాణ్యతను, సమాజంపై వాటి ప్రభావాన్ని చర్చించడం పరిపాటి. సీరియల్ చూసినవారు ఆ కథను గురించి తమలో తాము ఏం మాట్లాడుకుంటారనే ప్రశ్న అంతగా వినిపించదు. ఆ పాత్ర ఆ మాట ఎందుకన్నది, ఈ బంధం నిలుస్తుందా, ఫలానా రహస్యం ఫలానావాళ్ళకు ఎప్పుడు తెలుస్తుంది వంటి సంభాషణలను కాలక్షేపం కింద జమకట్టి వదిలివేస్తాం. ఈ సంభాషణకు తెలుగులో దీర్ఘమైన చరిత్ర ఉందనీ, అది వ్యాఖ్యాన సంప్రదాయంలో భాగమనీ చూపడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇందుకు ఒకే కథావస్తువును, అంటే భర్త అనుమానానికి గురై కవలపిల్లలను కన్న ఇల్లాలి కథను, ఆధారంగా తీసుకుంటున్నాను. ఈ వస్తువు ఉత్తర రామాయణంలో ఉంది, స్త్రీల పాటల్లో ఉంది, 2017 నుంచి 2023 వరకు ప్రసారమైన ‘కార్తీక దీపం’ సీరియల్‌లోనూ ఉంది.

కథలోనే ఉన్న శ్రోతలు

ఉత్తరకథకు ఒక ప్రత్యేకత ఉంది. అందులో కథను గురించి జనం మాట్లాడుకునే మాటే కథను నడిపిస్తుంది. వాల్మీకంలో భద్రుడు అనేవాడు పౌరులు వీధుల్లో అనుకుంటున్న మాటలను రామునికి విన్నవిస్తాడు. రావణుని ఇంట ఉన్న సీతను రాముడు ఎలా స్వీకరించాడన్నది వారి ప్రశ్న. జనశ్రుతిలోనూ సినిమాలోనూ ఈ మాట చాకలివాని నోట వినిపిస్తుంది. ఎవరి నోట వచ్చినా అది లోకాపవాదు. అగ్నిప్రవేశంతో ముగిసిందనుకున్న కథను ప్రజల చర్చ తిరిగి తెరుస్తుంది. ఈ దృష్టితో చూస్తే పాత్రల సంబంధాలపై బయటివారు చేసే చర్చకు మన సాహిత్యంలో తొలి ఉదాహరణలలో ఒకటి దండనరూపంలో కనిపిస్తుంది.

తెలుగు కవులు ఈ కథను విడిచిపెట్టలేదు. పదమూడవ శతాబ్దిలో తిక్కన ‘నిర్వచనోత్తర రామాయణం’ రచించాడు. పద్దెనిమిదవ శతాబ్దిలో కంకంటి పాపరాజు ‘ఉత్తర రామాయణం’ రచించాడు. తిక్కన రామనిర్యాణ ఘట్టాన్ని రాయకుండా విడిచిపెట్టాడనీ, తరువాత జయంతి రామభట్టు దానిని పూరించాడనీ సాహిత్య చరిత్రకారులు పేర్కొంటారు. కథ ఎక్కడ ఆగాలన్నది కూడా పాఠకస్పందనకు సంబంధించిన విషయమేనని ఈ ఒక్క వివరం సూచిస్తుంది. ఇరవయ్యవ శతాబ్దిలో ఈ కథ తెరకెక్కింది. సి. పుల్లయ్య 1934లో ‘లవకుశ’ తీశారు. 1963లో వచ్చిన రంగుల ‘లవకుశ’ సి. పుల్లయ్య, సి.ఎస్. రావుల దర్శకత్వంలో వెలువడింది. టెలివిజన్ రాకముందే తెలుగు ప్రేక్షకులకు ఈ కథ కంఠస్థం.

ఇంటిలోపలి ప్రతివాదం

లోకాపవాదు వీధి మాట అయితే, స్త్రీల రామాయణపు పాటలు ఇంటి మాట. ఈ పాటల ప్రాముఖ్యాన్ని వెల్చేరు నారాయణరావు 1991లో వెలువడిన ఆంగ్ల వ్యాసంలో వివరంగా చర్చించారు. పాటల్లో యుద్ధం వెనక్కి వెళ్ళి, కాన్పులు, పెళ్ళిళ్ళు, అలకలు, అత్తాకోడళ్ళ సంబంధాలు ముందుకు వస్తాయి. కావ్యాల్లో దాదాపు కనిపించని శాంత, ఊర్మిళ వంటివారు ఇక్కడ ప్రధానపాత్రలు.

మన ప్రస్తావనకు మూడు పాటలు ముఖ్యం. మొదటిది శూర్పణఖ కథ. ఆమె మారువేషంలో వచ్చి రావణుని బొమ్మ గీయమని సీతను అడుగుతుంది. సీత చూసింది అతని కాలి బొటనవేలు మాత్రమే కనుక దానినే గీస్తుంది. మిగిలిన బొమ్మను శూర్పణఖ పూర్తిచేస్తుంది. ఆ బొమ్మ కారణంగా రాముడు సీతను శిక్షించదలచినప్పుడు అంతఃపుర స్త్రీలందరూ ఆమె పక్షాన నిలుస్తారు. ఈ సన్నివేశంలో సాక్ష్యం ఎలా కల్పితమైందో శ్రోతలకు తెలుసు, రామునికి తెలియదు. అనుమానితురాలి తరఫున సాక్ష్యం చెప్పేది ఇంటి ఆడవారు.

రెండవది ‘ఊర్మిళాదేవి నిద్ర’. పద్నాలుగేళ్ళ తరువాత తిరిగివచ్చిన లక్ష్మణుని ఊర్మిళ నిద్రమత్తులో గుర్తించక, పరపురుషుడనుకొని మందలిస్తుంది. పరస్త్రీని కోరి చెడినవారిని గుర్తుచేస్తుంది. శీలానికి సంబంధించిన ప్రశ్న ఇక్కడ పురుషుని వైపు తిరుగుతుంది.

మూడవది ‘లక్ష్మణదేవర నవ్వు’. పట్టాభిషిక్తుడైన రాముని కొలువులో లక్ష్మణుడు నవ్వుతాడు. వనవాసకాలమంతా దూరంగా ఉంచిన నిద్రాదేవి ఇప్పుడు తిరిగి రావడమే ఆ నవ్వుకు కారణం. కాని సభలో ఉన్న ప్రతి ఒక్కరూ ఆ నవ్వు తమను గురించే అనుకొని, తమతమ లోపాలను తలచుకొని సిగ్గుపడతారు. రాముడూ ఇందుకు మినహాయింపు కాడు. కథాంశానికి ప్రేక్షకుడు ఇచ్చే అర్థంలో అతని సొంత జీవితం ఎంత ఉంటుందో చెప్పడానికి ఇంతకంటే తగిన ఉపమానం తెలుగులో నాకు కనబడలేదు. ఈ వ్యాసంలో ముందు రాబోయే ఒక సంభాషణను ఈ పాట వెలుగులోనే చదువుతాను.

ప్రసారమాధ్యమంలోకి చర్చ

టెలివిజన్ ఈ చర్చకు ఇచ్చిన కొత్త గుణం వాయిదా. గ్రంథం పూర్తి అయిన తరువాత వ్యాఖ్యానం పుడుతుంది. సీరియల్‌లో కథ ఇంకా నడుస్తూ ఉండగానే వ్యాఖ్యానం పుడుతుంది, కథకుని చెవిన కూడా పడుతుంది. వారపత్రికల సీరియల్ నవలలు తెలుగు పాఠకులకు ఈ అనుభవాన్ని అంతకుముందే ఇచ్చాయి. టెలివిజన్ దానిని చదువురాని ఇళ్ళకూ చేర్చింది.

1984 జులై 7న దూరదర్శన్‌లో మొదలైన ‘హమ్ లోగ్’ ఇందుకు తొలి ఉదాహరణ. మనోహర్ శ్యామ్ జోషి రచించిన ఈ సీరియల్‌లో ప్రతి భాగం చివర నటుడు అశోక్ కుమార్ ప్రేక్షకులతో నేరుగా మాట్లాడేవారు. దీనికి సుమారు నాలుగు లక్షల ఉత్తరాలు వచ్చాయని అరవింద్ సింఘాల్, ఎవరెట్ రోజర్స్ అంచనా. కుటుంబ నియంత్రణ ప్రచారం ప్రధానోద్దేశంగా మొదలైన కథ, ప్రేక్షకుల స్పందన చూశాక కుటుంబ సంబంధాల వైపు మళ్ళింది.

మరొక ఉదాహరణ మన వస్తువుకు మరీ దగ్గరిది. రామానంద్ సాగర్ ‘రామాయణ్’ 1987 జనవరి 25న ప్రారంభమై 1988 జులై 31న పట్టాభిషేకంతో ముగిసింది. ఉత్తరకథ లేకుండా రామాయణం ముగియడాన్ని వాల్మీకిని తమ ఆరాధ్యునిగా భావించే పారిశుద్ధ్య కార్మికులు అంగీకరించలేదు. జలంధర్‌లోనూ ఉత్తర భారతంలోని మరికొన్ని చోట్లా వారు సమ్మె చేశారు. తరువాత ఉత్తరకథ ప్రత్యేక సీరియల్‌గా ప్రసారమైంది. ఆశ్రమంలో సీతకు నీడనిచ్చిన వాల్మీకి పాత్ర కోసం ఆ సమ్మె జరిగింది. కథ ఎక్కడ ముగియాలన్నది ఇక్కడ గౌరవానికి సంబంధించిన ప్రశ్న అయింది. తరువాతి ‘మహాభారత్’ విషయంలో పూర్ణిమా మంకేకర్ ఢిల్లీ ప్రేక్షకులతో మాట్లాడి, ద్రౌపది అవమానాన్ని స్త్రీలు తమ బతుకులకు ఎలా అన్వయించుకున్నారో నమోదు చేశారు.

‘కార్తీక దీపం’లో ఉత్తరకథ

‘కార్తీక దీపం’ స్టార్ మా ఛానల్‌లో 2017 అక్టోబరు 16న మొదలై 2023 జనవరి 23న ముగిసింది. ‘కరుత్తముత్తు’ అనే మలయాళ సీరియల్ దీనికి మాతృక. దీప నల్లని మేనిచాయ గల యువతి. డాక్టర్ కార్తీక్ ఆమెను వివాహమాడతాడు. తనకు సంతానయోగ్యత లేదన్న తప్పుడు వైద్య నివేదికను నమ్మిన కార్తీక్ గర్భవతి అయిన దీపను అనుమానిస్తాడు. ఈ అపోహ వెనుక మోనిత ఉంది. దీప ఇల్లు విడిచి వంటపనితో జీవిస్తుంది. పుట్టిన కవలలు హిమ, శౌర్య వేర్వేరు చోట్ల పెరుగుతారు. మొదట కోడలి నలుపును ఏవగించుకున్న అత్త సౌందర్య క్రమంగా ఆమెకు అండగా నిలుస్తుంది.

ఉత్తరకథతో పోలికలు స్పష్టం. గర్భవతి పరిత్యాగం, ఇంటికి దూరమైన బతుకు, కవలలు, తండ్రిని ఎరుగని బాల్యం ఇందులో ఉన్నాయి. కల్పిత సాక్ష్యం మాత్రం కావ్యంలోది కాదు, పాటలోది. శూర్పణఖ పూర్తిచేసిన బొమ్మ స్థానంలో మోనిత కల్పించిన నివేదిక ఉంది. సౌందర్య పాత్ర పరిణామం కూడా కావ్యానికంటే పాటకే దగ్గర. రచయితలు ఈ పాటలను ఎరిగి రాశారని నేను అనడం లేదు. ఈ నిర్మాణం తెలుగు ప్రేక్షకులకు పరిచితమైనదని మాత్రమే నా వాదం.

పాత్రలకు ప్రేక్షకుల వాడుకలో స్థిరపడిన పేర్లూ గమనించదగినవి. దీప ‘వంటలక్క’ అయింది, కార్తీక్ ‘డాక్టర్ బాబు’ అయ్యాడు. వృత్తిపేరుకు వరుసనో గౌరవవాచకాన్నో చేర్చి పిలవడం మన ఊళ్ళ పద్ధతి. అలా పిలిచినవారు పాత్రను తెరమీది మనిషిగా కాక వీధిలోని మనిషిగా లెక్కలోకి తీసుకున్నారు.

ఒక సాయంత్రపు సంభాషణ

ఈ సీరియల్ ప్రసారమవుతున్న రోజుల్లో చాలా ఇళ్ళలో వినిపించిన ప్రశ్న ఒకటి ఉంది. డి.ఎన్.ఎ. పరీక్ష చేయిస్తే తేలిపోయేదానికి ఇన్నేళ్ళ కథ ఎందుకు? ఎగతాళిగా పుట్టిన ఈ ప్రశ్న మా అమ్మమ్మగారి ఇంట ఒక సాయంత్రం తీవ్రమైన వాదంగా మారడం నేను విన్నాను. నలుగురు స్త్రీలు చూస్తున్నారు. మా పిన్ని ఆ ప్రశ్ననే వేసింది. పొరుగింటి కోడలు వెంటనే, “పరీక్షకు ఆవిడెందుకు వెళ్ళాలి పిన్నిగారూ? అనుమానం ఆయనది. ఆయనే వెళ్ళి చేయించుకోవాలి” అన్నది. ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు. అంతవరకు మాట్లాడని అమ్మమ్మ చివరికి, “చేయిస్తే మాత్రం ఏమవుద్దే? సీతమ్మ నిప్పుల్లోంచి బయటికొచ్చింది. అయినా అడివికి పంపలేదూ?” అన్నది.

ఈ మూడు మాటల్లో మూడు వ్యాఖ్యాన స్థాయిలు ఉన్నాయి. మొదటిది కథాసంవిధానానికి సంబంధించిన ఆక్షేపణ: పరిష్కారం అందుబాటులో ఉండగా కథ సాగడం ఔచిత్యభంగం. రెండవది ధర్మసంబంధమైన ప్రశ్న: నిరూపణ భారం ఎవరిది? ‘ఊర్మిళాదేవి నిద్ర’లో లాగే ఇక్కడా ప్రశ్న పురుషుని వైపు తిరిగింది. మూడవది పూర్వకథ ఆధారంగా చేసిన ఖండన: రుజువుతో అనుమానం తీరదు. అమ్మమ్మ వాదం ప్రకారం పరీక్షను వాయిదా వేయడం కథాలోపం కాదు, ఎందుకంటే పరీక్షకు కథను ముగించే శక్తి లేదు. అగ్నిపరీక్షను, రక్తపరీక్షను ఒకే గాటన కట్టిన ఈ విమర్శను ఒక పరిశోధన వ్యాసంలో చదివి ఉంటే మనం తప్పక ఉటంకించేవాళ్ళం.

నాలుగవ స్త్రీ వంట చేయడానికి వచ్చే ఆమె. వాదంలో పాల్గొనలేదు. సీరియల్ అయిపోయాక గిన్నెలు సర్దుతూ, “సౌందర్యగారిలాగ మా అత్త ఒక్క మాట అనుంటే చాలు” అని మాత్రం అన్నది. ఎవరూ వివరం అడగలేదు. లక్ష్మణుని నవ్వు సభలో ఒక్కొక్కరినీ తాకినట్టు కథ ఆమెను తాకింది. తేడా ఏమిటంటే, ఆ సభలో ఎవరి సిగ్గు వారిలోనే ఉండిపోయింది. ఇక్కడ పాత్ర పేరు అడ్డం పెట్టుకొని ఒక మాట బయటికి వచ్చింది.

పరిమితులు

ఈ పోలికను మితిమీరి సాగించకూడదు. పాట పాడిన స్త్రీలు కథను తామే మార్చుకోగలిగారు. సీరియల్ ప్రేక్షకులకు ఆ అధికారం లేదు, కథ వ్యాపార అవసరాల ప్రకారం సాగుతుంది. 2022 మార్చిలో దీప, కార్తీక్ పాత్రలను తప్పించి కూతుళ్ళ కథగా నడిపిన సీరియల్‌లోకి అదే ఏడాది ఆ పాత్రలు తిరిగివచ్చాయి. ఇందులో ప్రేక్షకుల మమకారానికి ఎంత పాత్ర ఉందో, ఛానల్ లెక్కలకు ఎంత ఉందో విడదీయడం కష్టం. పైగా ఇంటిమాట అంతా అనుమానితురాలి పక్షమే అనుకోవడమూ పొరపాటు. “ఆవిడది మరీ పంతం” అనే తీర్పులు అవే గదుల్లో వినిపిస్తాయి. లోకాపవాదు వీధిలోనే కాదు, సోఫా మీదా కూర్చుంటుంది. ఈ రెండు గొంతులూ ఒకేచోట తారసపడటం వల్లనే ఈ చర్చ పరిశీలనార్హమైంది.

ముగింపు

సీత కథకు చలం, రంగనాయకమ్మ, ఓల్గా వంటి రచయితలు చేసిన పునర్వ్యాఖ్యానాలను మన విభాగాలు శ్రద్ధగా అధ్యయనం చేశాయి. అదే కథపై ఇళ్ళలో సాగిన వ్యాఖ్యానానికి ఆ శ్రద్ధ దక్కలేదు. స్త్రీల పాటలూ ఒకప్పుడు ఇటువంటి చిన్నచూపుకే గురయ్యాయి. ఎవరో విని, రాసి, అచ్చువేయించారు కనుక అవి ఈరోజు మనకు పాఠ్యాలు. సీరియల్ ప్రేక్షకుల చర్చలను సేకరించేటప్పుడు మాట్లాడినవారి వయస్సు, వృత్తి, వారికి తెలిసిన పూర్వకథలు, ఆనాటి కథాభాగం నమోదు చేయడం అవసరం. లేకపోతే మాట మిగులుతుంది, అది ఎవరికి జవాబో తెలియదు.

పైన ఉదహరించిన సంభాషణను నేను ఆ రోజు రాసుకోలేదు. అది పరిశోధనకు పనికివచ్చే విషయమని అప్పటికి నాకు తోచలేదు. జ్ఞాపకం నుంచి రాసిన ఆ నాలుగు వాక్యాలను సరిచూసుకుందామంటే అమ్మమ్మ ఇప్పుడు లేదు. వంట చేసిన ఆమె ఆ ఊరిలో లేదు. ఈ వ్యాసంలోని ప్రధాన ఆధారం ఇంత బలహీనంగా ఉండటానికి కారణం నా శిక్షణలో ఉన్న లోపమే. ఆ లోపం నా ఒక్కనిది మాత్రమే కాకపోవచ్చు.